బార్తోక్‌ని మాట్లాడించినవాళ్ళు

హంగేరియన్ స్వరకర్త బేలా బార్తోక్ రాసిన ఒకే ఒక్క ఒపెరా "బ్లూబియర్డ్ కోట"కి ఏ రికార్డింగ్ వినాలి అని ఎవర్ని అడిగినా ముందు వినపడే పేరు కండక్టర్ ఇస్త్వాన్ కెర్తేస్. 1965లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో డెక్కా వాళ్ళు చేసింది, వాల్టర్ బెర్రీ, క్రిస్టా లుడ్విగ్ పాడారు, అప్పటికి వాళ్ళిద్దరూ నిజజీవితంలో కూడా భార్యాభర్తలే. అరవై ఏళ్ళుగా ఆ రికార్డింగ్ పీఠం దిగలేదు. నాకూ అదంటే చాలా ఇష్టం, ఆర్కెస్ట్రా వరకు చూస్తే దాన్ని మించింది లేదనే అంటాను, కానీ మొదటి స్థానం మాత్రం ఇవ్వను. ఎందుకివ్వనో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

నాకు బార్తోక్ రికార్డింగుల్లో ఒకటే కొలత, అది మాట్లాడుతోందా లేదా అని. సౌండ్ ఎంత శుభ్రంగా ఉంది, ఆర్కెస్ట్రా ఎంత పేరున్నది, కండక్టర్ ఎంత గొప్పవాడు, ఇవన్నీ తర్వాత. 1905, 1906 ఆ ప్రాంతంలో బార్తోక్, ఆయన తోటి స్వరకర్త కొదాయ్ ఇద్దరూ ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మోసుకుంటూ ఊళ్ళు పట్టి తిరిగి రైతుల పాటలు మైనపు సిలిండర్ల మీద ఎక్కించారు కదా, ఆ పాటల్ని బార్తోక్ రెండు రకాలుగా చూశాడు, తాళానికి కట్టుబడి నడిచేవి ఒక రకం, మాట ఎటు వెళ్తే లయ అటు వెళ్ళేవి ఇంకో రకం. ఈ రెండో రకాన్ని "పార్లాందో రుబాతో" అన్నాడు. 1911లో ఒపెరా రాయడానికి కూచున్నప్పుడు హంగేరియన్ భాషని ఎలా పాడించాలి అన్న సమస్యకి జవాబు ఈ రెండో రకంలోనే దొరికింది ఆయనకి. అప్పటిదాకా బుడాపెస్ట్‌లో ఒపెరాలు ఎక్కువగా జర్మన్, ఇటాలియన్ ట్యూన్ల మీద హంగేరియన్ మాటలు అతికించి పాడేవాళ్ళు, భాష నడక ఒకటి, సంగీతం నడక ఇంకొకటి.

హంగేరియన్‌లో ప్రతి మాటకీ మొదటి అక్షరం మీదే ఒత్తు పడుతుంది. అయితే ఆ మొదటి అక్షరం పొడుగ్గా ఉండాలని రూలేం లేదు. మొదటిది లఘువు, రెండోది గురువు అయినా సరే దెబ్బ లఘువు మీదే, గురువు దెబ్బ లేకుండా ఊరికే సాగుతుంది. లఘువు గురువు తేడా మన చెవికి చిన్నప్పట్నుంచీ అలవాటే కాబట్టి ఇది మనకి పట్టుకోవడం తేలిక అనుకుంటా, ఇంగ్లీషు, జర్మన్ మాట్లాడేవాళ్ళు ఒత్తు పెట్టారంటే సాగదీయకుండా ఉండలేరు. ఒపెరా కథ ఇది, బ్లూబియర్డ్ అంటే నీలిగడ్డం దొర, కొత్త భార్య యూదిత్‌ని తన చీకటి కోటకి తెస్తాడు, మూసివున్న ఏడు తలుపులూ తెరవమని ఆమె పట్టుబడుతుంది, తెరుస్తుంటే రక్తం కనపడుతూ ఉంటుంది. అందులో దొర నోట వచ్చే మొట్టమొదటి మాట "మెగేర్కెస్త్యుంక్", వచ్చేశాం అని. "మె" పొట్టిది, ఒత్తు దానిమీదే ఉండాలి, "గేర్" పొడుగు కానీ తేలిగ్గా పోవాలి. ఈ ఒక్క మాట విని చాలా రికార్డింగుల సంగతి చెప్పెయ్యొచ్చు. లిబ్రెట్టో, అంటే ఒపెరా మాటలు, రాసిన బేలా బాలాజ్ లైను లైనుకీ ఎనిమిదే అక్షరాలు పెట్టాడు, పాత బాలడ్‌లలో లాగా, గంటసేపు అదే ఎనిమిది అక్షరాల నడక, దాన్ని పాడేవాళ్ళు నోటితో విరవకపోతే ఒకటే దంపుడు అయిపోతుంది, విరిస్తే మాత్రం ఇద్దరు మనుషులు చీకట్లో నిలబడి ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నట్టు, తప్పించుకుంటున్నట్టు ఉంటుంది.

ఇంకో మాట, కర్ణాటక సంగీతం అలవాటున్న వాళ్ళకి. కోట చీకట్లో కింది తీగల మీద మెల్లగా మొదలయ్యే ఆ మొదటి ట్యూన్ స్వరాలు స గ మ ప ని, అంటే మన శుద్ధ ధన్యాసి స్వరాలే, గమకం లేకుండా. నేను ఆ సంగీతం వింటూ పెరిగిన మనిషిని, బార్తోక్ కష్టం అని భయపడేవాళ్ళకి ఎప్పుడూ చెప్పేది ఇదే, ముందు ఆ అయిదు స్వరాల దగ్గర కూచోండి, తర్వాత రక్తం కనపడ్డప్పుడల్లా పక్కపక్క అర్ధస్వరాలు ఎలా వచ్చి గీరుకుంటాయో తెలుస్తుంది. శుభ్రంగా ఉన్న అయిదు స్వరాల మధ్యలోకి ఆ గీరుడు దూరడమే కథంతా.

సరే, కెర్తేస్ దగ్గరికి. కెర్తేస్ బుడాపెస్ట్ వాడే, 1956 తిరుగుబాటు తర్వాత దేశం వదిలి వచ్చేశాడు, 1973లో ఇజ్రాయెల్‌లో సముద్రంలో ఈతకి వెళ్ళి మునిగిపోయాడు, 43 ఏళ్ళు. ఆయన ఆర్కెస్ట్రాకి ఈ భాష తెలిసినట్టే వాయించాడు. అయిదో తలుపు తెరుచుకునేచోట, యూదిత్ అరుపు తర్వాత మొత్తం ఆర్కెస్ట్రా, ఆర్గన్ కలిసి సి మేజర్‌లో ఒక్కసారిగా లేస్తాయి, దొర రాజ్యం అంతా కనిపిస్తుంది, అక్కడ కెర్తేస్ ఇచ్చిన బరువు, వెలుతురు ఇంకెవరూ ఇవ్వలేదు. కానీ ఆ వెలుతురు తర్వాత ఏం జరుగుతుందో చూడండి. ఆర్కెస్ట్రా ఆగిపోతుంది, యూదిత్ ఒంటరిగా, వాద్యాలేవీ లేకుండా, "సేప్ ఏష్ నొజ్ ఒ తె ఒర్సాగొద్" అంటుంది, నీ దేశం అందంగా ఉంది, పెద్దదిగా ఉంది అని. బార్తోక్ అక్కడ ఏ భావమూ పెట్టకుండా పాడాలని స్కోర్‌లో రాశాడు. అంత పెద్ద రాజ్యం చూశాక ఆ పిల్లకి చెప్పడానికి ఏమీ మిగల్లేదన్నమాట, ఆమె మనసు అప్పటికే మిగిలిన రెండు తలుపుల మీదుంది. లుడ్విగ్ గొంతు అక్కడ కూడా నిండుగా, వెచ్చగా, అందంగా ఉంటుంది, ఆ అందమే నాకు అడ్డం. లుడ్విగ్, బెర్రీ ఇద్దరూ గొప్ప గాయకులు, జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ఒపెరాలు పాడిన నోళ్ళు, వాళ్ళు లైనుని పొడుగ్గా కలిపి కట్టేస్తారు, ఎనిమిది అక్షరాలు ఒకే తీగలా సాగుతాయి. వినడానికి బాగుంటుంది కానీ మాట్లాడుకున్నట్టు ఉండదు. ఆ ఎల్పీలో ఒపెరా మొదట్లో కథకుడు చెప్పే ముందుమాట కూడా లేదు, మాటతో మొదలు కావాల్సిన ఒపెరా సరాసరి సంగీతంతో మొదలవడం నాకైతే పెద్ద లోటే, ఆ మాటల మధ్యలోనే కదా కింది తీగలు మెల్లగా వచ్చి చేరేది.

నా మొదటి స్థానం కండక్టర్ అంతల్ దొరాతి 1962లో మెర్క్యురీ కంపెనీకి చేసినదానికి. చిత్రం ఏమిటంటే అదే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, కెర్తేస్ కంటే మూడేళ్ళ ముందు. దీంట్లోనూ ముందుమాట లేదు, ఆ లోటు దీనికీ ఉంది. కానీ పాడింది మిహాయ్ సేకెయ్. 1918లో మొదటిసారి ఆడిన తర్వాత కొన్నాళ్ళకి ఈ ఒపెరా బుడాపెస్ట్‌లో మూలపడింది, లిబ్రెట్టో రాసిన బాలాజ్ 1919లో కొన్నాళ్ళ కమ్యూనిస్టు ప్రభుత్వం కూలాక దేశం వదిలి పారిపోవాల్సొచ్చింది, మళ్ళీ 1936లో గానీ అక్కడ స్టేజీ ఎక్కలేదు, అప్పుడు నీలిగడ్డం దొర వేషం కట్టింది ఈ సేకెయ్యే. ఆయన లోతు గొంతుకి తగ్గట్టు బార్తోక్ స్వయంగా కొన్ని స్వరాలు మార్చి రాసిచ్చాడు. అంటే మనం వింటున్నది రాసినాయన ఒప్పుకున్న నోరు. 1962కి గొంతు కొంచెం ముసలిదైంది, మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు కూడా, కానీ ఆ ముసలితనం ఈ పాత్రకి నప్పింది. ఆరో తలుపు దగ్గర, కన్నీటి చెరువు, సెలెస్టా, హార్ప్, ఫ్లూట్, క్లారినెట్ కలిసి సన్నగా అలలు వేస్తుంటే యూదిత్ ఇవేం నీళ్ళు అని అడుగుతుంది, దొర "కొన్న్యెక్, యుదిత్, కొన్న్యెక్, కొన్న్యెక్" అంటాడు, కన్నీళ్ళు యూదిత్, కన్నీళ్ళు, కన్నీళ్ళు అని. సేకెయ్ అక్కడ ఏడుపు పెట్టడు, గొంతు వణికించడు, మొదటి అక్షరం మీద చిన్న ఒత్తు పెట్టి వదిలేస్తాడు, మూడుసార్లూ మూడు రకాలుగా, మూడోసారి మాట సగం లోపలే ఉండిపోయినట్టు. ఆ చోటు కోసం ఒక్కదానికోసమైనా ఆ రికార్డింగ్ వినాలి. ఓల్గా సోన్యి గొంతు కరుకు, పైస్వరాల్లో గీసుకుపోతుంది, చాలామంది విమర్శకులకి నచ్చదు, నేను మాత్రం అలాంటి యూదిత్‌నే నమ్ముతాను, తలుపు తియ్యమని పట్టుబట్టే మనిషి గొంతు నున్నగా ఉంటే ఎలా.

యానోష్ ఫెరెన్చిక్ హంగేరీలోనే ఈ ఒపెరాని రికార్డు చేస్తూ వచ్చాడు, 1956 నాటి మోనోలో ఇదే సేకెయ్ ఇంకా బలంగా ఉన్నాడు, పక్కన క్లారా పాలాంకయ్. గొంతుల వరకు అదే గొప్పదేమో, కానీ మోనోలో ఈ ఆర్కెస్ట్రా సగమే వినపడుతుంది, అయిదో తలుపు తెరిచినా గది పెద్దదవ్వదు. దాంతో దొరాతికే ఓటు.

ఫ్రెంచ్ కండక్టర్ బూలెజ్ అభిమానులతో నాకు ఎప్పుడూ పేచీ. చికాగో ఆర్కెస్ట్రాతో 1993లో డాయిష్ గ్రామోఫోన్‌కి చేసింది, జెస్సీ నార్మన్, లాస్లో పోల్గార్, 1999లో ఉత్తమ ఒపెరా రికార్డింగ్ అని గ్రామీ కూడా వచ్చింది. ప్రతి వాద్యం అద్దంలా కనపడుతుంది, ఒప్పుకుంటాను. కానీ పోల్గార్ సంగతే చూడండి, హంగేరియన్ గాయకుడు, ఇదే పాత్రని తర్వాత ఇవాన్ ఫిషర్‌తో, బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రాతో ఫిలిప్స్‌కి మళ్ళీ పాడాడు, యూదిత్‌గా ఇల్దికో కొమ్లోషి. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే నా వాదన మొత్తం అక్కడే తేలిపోతుంది. బూలెజ్ దగ్గర పోల్గార్ బీటు లోపల ఉంటాడు, ఎంత బాగా పాడినా గీత దాటడు, ఫిషర్ దగ్గర అదే మనిషి, అదే మాటలు, మాట ముందుకి తోసినప్పుడు ఆర్కెస్ట్రా జరిగి దారిస్తుంది, అతను ఆగితే అది కూడా ఊపిరి బిగబట్టి ఆగుతుంది. గొంతు అదే, భాష అదే, నోరు తిరగనిచ్చింది మాత్రం రెండోవాడు. కొత్త సౌండ్‌లో ఒకటే కావాలి అనేవాళ్ళకి నేను చెప్పేది ఫిషరే.

అయితే హంగేరియన్లు పాడితేనే బాగుంటుంది అనుకుంటే అది తప్పుడు లెక్క. ఫెరెంచ్ ఫ్రిచాయ్ 1958లో బెర్లిన్‌లో చేసిన రికార్డింగ్ జర్మన్‌లో పాడారు, గాయకులు డీట్రిష్ ఫిషర్-డీస్కావ్, హెర్తా త్యోపర్, పైగా కొన్నిచోట్ల కత్తిరింపులు కూడా. కాగితం మీద చూస్తే నా కొలతలో అది మొదటి రౌండ్‌లోనే పోవాలి. పోదు. ఫ్రిచాయ్ బార్తోక్, కొదాయ్ ఉన్నప్పటి అకాడమీలో చదువుకున్నవాడు, గాయకుల నోట్లో లేని హంగేరియన్‌ని క్లారినెట్లలో, కింది తీగల్లో పెట్టాడు, ఆ దెబ్బా ఆ సాగుడూ అన్నీ ఆర్కెస్ట్రాలో ఉన్నాయి. ఇక ఈమధ్య సుసన్నా మాల్కి హెల్సింకీ ఆర్కెస్ట్రాతో చేసింది, 2021లో బిస్ కంపెనీ విడుదల చేసింది, దాంట్లో దొరగా పాడిన మికా కారెస్ ఫిన్లండ్ వాడు, యూదిత్‌గా హంగేరియన్ గాయని సిల్వియా వ్యోర్యోష్. ఫిన్నిష్‌లో కూడా ఒత్తు మొదటి అక్షరం మీదే, పొట్టి పొడుగు అచ్చుల తేడా కూడా ఉంది, అందుకేనేమో కారెస్ నోట్లో ఈ మాటలు ఎక్కడా తట్టుకోవు. కండక్టర్ షోల్తి 1979 రికార్డింగ్‌లో సిల్వియా షాష్, కొలోష్ కొవాచ్ ఇద్దరూ హంగేరియన్లే, డ్రామా మస్తుగా ఉంటుంది, ముందుమాట ఉంది, సినిమాగా కూడా తీశారు, మొదటిసారి వినేవాళ్ళకి మంచిది. నాకు మాత్రం షోల్తి ప్రతి తలుపునీ చివరి తలుపులా తెరుస్తాడనిపిస్తుంది.

మాటలు లేని సంగీతంలో మాట్లాడటం ఏమిటి అని అడగొచ్చు. బార్తోక్ ఆర్కెస్ట్రాకి రాసిన "కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా"నే చూద్దాం. 1943లో న్యూయార్క్‌లో బార్తోక్ ఆస్పత్రిలో ఉంటే బోస్టన్ కండక్టర్ కుసెవిట్స్కీ వచ్చి ఆర్డర్ ఇచ్చాడు, దాని వెనక వయొలినిస్టు సిగెతి, కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్ చెప్పిన మాట ఉంది, ఆగస్టులో మొదలెట్టి అక్టోబర్‌కల్లా సరనాక్ లేక్‌లో పూర్తిచేశాడు, 1944 డిసెంబర్ 1న బోస్టన్‌లో మొదటిసారి వాయించారు. రెండో భాగం జంటల ఆట. ముందు సైడ్ డ్రమ్, తర్వాత రెండు బసూన్లు, రెండు ఒబోలు, రెండు క్లారినెట్లు, రెండు ఫ్లూట్లు, రెండు ట్రంపెట్లు, ఒక్కో జంట మధ్య స్వరాల దూరం ఒక్కో రకం. ఈ భాగానికి అచ్చయిన స్కోర్‌లో వేగం మెట్రోనోమ్ 74, అంటే నిమిషానికి 74 దెబ్బలు, అని ఉండేది. 1980 ప్రాంతంలో షోల్తి చికాగోతో రికార్డింగుకి రెడీ అవుతుంటే సైడ్ డ్రమ్ వాయించే ఆయన తన పార్టులో 94 అని ఉందని చెప్పాడు, షోల్తి దాన్ని బార్తోక్ చేతిరాత ప్రతితో సరిచూపించాడు, 94 అనే తేలింది. అన్నేళ్ళూ ప్రపంచమంతా ఒక అచ్చుతప్పుని పట్టుకుని ఈ భాగాన్ని నింపాదిగా నడిపిస్తోందన్నమాట. 74లో ఆ జంటలు పార్కులో షికారు కొచ్చినట్టుంటాయి, 94లో ఒకళ్ళ మాటకి ఒకళ్ళు చురుగ్గా అడ్డం తగులుతారు. షోల్తి కి ఈ విషయంలో మనం రుణపడి ఉన్నాం.

కానీ ఇక్కడే నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది రైనర్. 1955 అక్టోబర్‌లో అదే చికాగో ఆర్కెస్ట్రాతో, ఈ తప్పు బయటపడటానికి పాతికేళ్ళ ముందే, ఆయన ఆ భాగాన్ని ఆరు నిమిషాల దగ్గర్లో ముగించేశాడు, అంటే అచ్చులో ఉన్న 74ని ఆయన చెవి ఒప్పుకోలేదు. రైనర్ బుడాపెస్ట్ అకాడమీలో బార్తోక్ దగ్గర చదువుకున్నవాడు, 1946లో పిట్స్‌బర్గ్‌తో ఈ కృతిని మొదట రికార్డు చేసింది కూడా ఆయనే, ఆ బసూన్లు ఎలా మాట్లాడాలో ఆయనకి కాగితం చెప్పక్కర్లేదు. ఆర్‌సీఏ తొలి స్టీరియో రోజుల టేపు, ఇవాళ్టికీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ట్రంపెట్ల మ్యూట్ లోహం నాలిక మీద తగులుతుంది. ఈ కృతికి నా మొదటి ఎంపిక అదే, రెండోది ఫ్రిచాయ్ 1957, నాలుగో భాగంలో వయోలాలు ఎత్తుకునే పాటని ఫ్రిచాయ్ అంత గుండె లోపల్నించి పాడించినవాళ్ళు లేరు. కరయాన్ 1965 బెర్లిన్ రికార్డింగ్ చాలామంది ఇళ్ళలో ఉంటుంది, తీగల నునుపు చూస్తే మతిపోతుంది, కానీ అక్షరాలన్నీ కలిసిపోయాయి, ఎక్కడ మాట మొదలై ఎక్కడ అయిపోయిందో తెలీదు. జార్జ్ సెల్ క్లీవ్‌లండ్‌తో చేసిందాన్ని నేను సిఫారసు చెయ్యను, చివరి భాగంలో కత్తెర వేశాడు. బుడాపెస్ట్‌లో పుట్టిన అంత గొప్ప కండక్టర్, బార్తోక్ పూర్తిగా రాసి, 1945లో ముగింపుని పొడిగించి మరీ ఇచ్చినదాన్ని కోయడమేమిటి, నాకు ఇప్పటికీ కోపమే. ఆ పొడిగించకముందు ముగింపు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే కుసెవిట్స్కీ 1944 డిసెంబర్ 30 రేడియో ప్రసారం ఉంది, గరగర ఉన్నా సరే వినండి, టక్కున ఆగిపోతుంది.

బార్తోక్ బాలే "మిరాక్యులస్ మాండరిన్" గురించి క్లుప్తంగానే చెప్తా, ఎందుకంటే ఇక్కడ వాదన సూటిగా ఉంది: కన్సర్టుల కోసం కుదించిన సూట్ వద్దు, మొత్తం బాలే వినండి. 1926లో కొలోన్‌లో ఒక్క ప్రదర్శనతో మేయర్ కోన్రాడ్ అడెనవర్ దీన్ని ఆపించేశాడు, తర్వాత జర్మనీ ఛాన్సలర్ అయినాయనే. కన్సర్టు సూట్, మాండరిన్ అనే చైనా పెద్ద అధికారి, దొంగలు ఎరగా పెట్టిన ఒక అమ్మాయిని వెంటాడి పట్టుకునేదగ్గర ఆగిపోతుంది, అసలు కథంతా ఆ తర్వాతే ఉంది, మూడుసార్లు చంపినా చావని మనిషి, మాటలు లేని కోరస్, ఆ అమ్మాయి దగ్గరికి తీసుకున్నాకే కారడం మొదలయ్యే రక్తం. అది లేకుండా ముందు భాగం ఒట్టి చప్పుడే. ఇందులో మాట్లాడేది క్లారినెట్, కిటికీలోంచి మగవాళ్ళని పిలిచే ఆ అమ్మాయి గొంతు అదే, మూడుసార్లు పిలుస్తుంది, మూడుసార్లూ ఇష్టం లేకుండానే. ఇవాన్ ఫిషర్ ఫిలిప్స్‌కి చేసిన రికార్డింగ్‌లో ఆ క్లారినెట్ మొదట జంకుతుంది, రెండోసారి అలవాటుపడుతుంది, మూడోసారి భయపడుతుంది. బూలెజ్ మీద ఇందాక అన్ని మాటలన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి, 1971లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో ఆయన చేసిన మాండరిన్‌లో వెంటాడే ఘట్టం ఒళ్ళు జలదరిస్తుంది, చికాగో నాటి చల్లదనం అప్పటికింకా రాలేదు.

ఇక "మ్యూజిక్ ఫర్ స్ట్రింగ్స్, పెర్కషన్ అండ్ సెలెస్టా". 1936లో కండక్టర్ పాల్ జాఖర్ అడిగితే బాజెల్ చాంబర్ ఆర్కెస్ట్రా పదేళ్ళ పండగకి రాసింది, 1937 జనవరి 21న మొదటి ప్రదర్శన. తీగవాద్యాలు రెండు గుంపులు, ఎడమా కుడీ, మధ్యలో పెర్కషన్, పియానో, సెలెస్టా, హార్ప్. రెండో భాగంలో ఈ రెండు గుంపులు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి, అందుకని దీనికి స్టీరియో తప్పనిసరి, ఫ్రిచాయ్ మోనో రికార్డింగ్ అంటే నాకు ఎంత ప్రాణమైనా ఈ కారణంగా మొదటి స్థానం ఇవ్వలేను, ఎవరు అడిగారో ఎవరు బదులిచ్చారో దాంట్లో తెలీదు. మొదటి భాగం ఫ్యూగ్, అంటే ఒకే ట్యూన్‌ని ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకునే పద్ధతి, మ్యూట్ పెట్టిన వయోలాలు సన్నగా ఎత్తుకుంటాయి, లయ లైనుకి లైనుకి మారిపోతుంది, లెక్కపెడదామంటే చిక్కదు కానీ నాలుగు విరుపుల వాక్యంలా వింటే వెంటనే పట్టుబడుతుంది, ప్రతి విరుపు తర్వాతా ఒక ఊపిరి. బార్తోక్ స్కోర్లలో ఎంతసేపు పట్టాలో నిమిషాలు, సెకన్లతో సహా రాసి పెట్టేవాడు, అయినా చాలామంది దీన్ని ఏదో గుళ్ళో నడిచినట్టు నెమ్మదిగా లాగుతారు, కరయాన్ 1969లో అదే చేశాడు, ఊపిరి ఆడాల్సిన చోట్లన్నీ పూడ్చేశాడు. రైనర్ 1958లో ఆ విరుపులు వినపడనిచ్చాడు. రష్యన్ కండక్టర్ మ్రావిన్స్కీ లెనిన్‌గ్రాడ్ ఆర్కెస్ట్రాతో 1965లో కన్సర్టులో వాయించినది రైనర్ కంటే భయంకరంగా ఉంటుంది, మూడో భాగంలో ఆ జైలోఫోన్ ఒకే స్వరాన్ని మెల్లగా మొదలెట్టి తొందరపడి మళ్ళీ మెల్లగయ్యేచోట మరీనూ, కానీ ఆఖరి భాగంలో రష్యన్ బరువు ఎక్కువైంది. ఆ ఆఖరి భాగం మొదటి ట్యూన్ స్వరాలు మన వాచస్పతివి, ప్రతి మధ్యమం, కైశికి నిషాదం, పల్లెలో డాన్సు ఊపు, దానికి బరువు పనికిరాదు, అక్కడ రైనర్ తీగలవాళ్ళని కాలు నేలకి ఆననివ్వడు. ఫ్యూగ్‌కి, ఆఖరి భాగానికి రైనర్, మధ్యలో రాత్రి చప్పుళ్ళలా ఉండే మూడో భాగానికి మ్రావిన్స్కీ, ఒకటే ఉంచుకోవాలంటే రైనర్.